అడుగులకి అరిసెలు, ఆలస్యానికి ఆస్పత్రి



మన రాయచూరు జిల్లాలో తెలుగు వినిపించే ఇళ్లు రెండు రకాలు. తూర్పున సరిహద్దుని ఆనుకున్న ఊళ్లలో తరతరాలుగా ఉన్నవి కొన్ని. 1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తయి, ఆపైన ఎడమ కాలవకి నీళ్లు పారాక కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లవి కొన్ని. వాళ్లు సింధనూరు, మాన్వి తాలూకాల్లో నల్లరేగడి కొని, మడులు కట్టి, క్యాంపులు వేసుకున్నారు. వస్తూ వస్తూ వరి సాగు తెచ్చారని అందరూ చెప్తారు. వాళ్ల వెంట వచ్చిన ఇంకో సంగతి గురించి ఇవాళ మాట్లాడతాను. చంటిపిల్లకి మొదటి ఏడాదిలో చేసే పిండివంటలు.

నవ్వితే నువ్వుండలు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే పాయసం. గడప దాటితే గారెలు. అడుగులేస్తే అరిసెలు. మాటలొస్తే పంచదార చిలకలు. ఇంటికో తీరుగా ఒకటి అటూ ఇటూ అవుతుంది. చేసినవి ఇంట్లోనే తినేసి ఊరుకోకపోవడం మాత్రం అన్ని ఇళ్లలోనూ ఒకటే. పళ్లేల్లో పెట్టి వీధంతా పంచుతారు. ఫలానావాళ్ల మనవరాలు బోర్లా పడిందట అని సాయంత్రానికి క్యాంపంతటికీ తెలుస్తుంది. బొబ్బట్టు అందుకున్న ఇంకో ఇల్లాలి మనసులో ఒక ప్రశ్న మొదలవుతుంది. "మావాడూ ఆ నెలలోనే పుట్టాడే, ఇంకా పడలేదేమిటి?"

ఈ ప్రశ్న గురించే నా ప్రసంగం. ఇది కొన్ని ఇళ్లలో తల్లిని ఊరికే ఏడిపిస్తుంది. కొన్ని ఇళ్లలో బిడ్డ బతుకుని నిలబెడుతుంది. ఓపిక పట్టాల్సిన ఆలస్యం ఏదో, ఆ పూటే బయల్దేరాల్సిన ఆలస్యం ఏదో మనకి తెలియాలి.

జులై నడిమధ్యలో, కాలవకి నీళ్లు వదిలి నాట్లు మొదలయ్యే రోజుల్లో పుట్టిన ఒక ఆడపిల్లని అనుకుందాం. పుట్టిన వెంటనే ఆస్పత్రిలో బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి టీకా పడతాయి. ఆ వివరాలు తాయి కార్డులో, అంటే తల్లీబిడ్డల కార్డులో, రాస్తారు. ఆ కార్డుని రేషన్ కార్డు కన్నా భద్రంగా దాచండి. ఆస్పత్రి కాన్పు అయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజులకి ఇంటికి రావాలి. ఆ తర్వాత 3, 6, 9, 12, 15 నెలలకి కూడా రావాలి. ఆమె వస్తే వాకిట్లో నిలబెట్టి పంపకండి. లోపలికి పిలిచి పిల్లని చేతికివ్వండి, బరువు చూడమనండి.

ఈ నెలల్లో పెద్దవాళ్ల మీద గౌరవంతోనే ఒక మాట చెప్పాలి. కాళ్ల మీద బోర్లించుకుని, నూనె రాసి, నలుగు పెట్టి లాల పోయడం మంచి అలవాటు. ఒంటిమీద చెయ్యి ఆడటం, ఆ సేపంతా పెద్దామె కబుర్లు చెప్పడం పిల్లకి ఎంతో మేలు. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు మాత్రం వద్దు. ముఖానికి దగ్గరగా సాంబ్రాణి పొగ వద్దు. మాటలు త్వరగా వస్తాయని వసకొమ్ము అరగదీసి నాకించడం వద్దు. తేనె ఏడాది నిండేదాకా అసలే వద్దు. అందులో ఉండగల ఒక సూక్ష్మజీవి పసిపేగుల్లో పెరిగి విషం పుట్టిస్తుంది, దాంతో బిడ్డ కండరాలు చచ్చుబడతాయి. ఇక నీళ్లు. మన ఎండలు తెలిసినవే. గొంతెండిపోతుందేమోనని బామ్మలు చెంచాతో నీళ్లు పోస్తారు. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే. ఆరు నెలలదాకా ఏ ఎండలోనైనా ఆ పాలే దాహానికీ ఆకలికీ సరిపోతాయి. 2022 వేసవిలో రాయచూరు పట్టణంలో కలుషితమైన కుళాయి నీళ్లు తాగి పెద్దవాళ్లే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ నీళ్ల చెంచా పసినోటికి ఎందుకు?

తల్లి తింటేనే ఆ పాలు. కర్ణాటక ప్రభుత్వం 2017 అక్టోబరు 2 నుంచి మాతృపూర్ణ పథకం కింద గర్భిణులకీ బాలింతలకీ అంగన్‌వాడీలో మధ్యాహ్నం వేడి భోజనం పెడుతోంది. "మనం వెళ్లి అక్కడ తినడమేమిటి" అని క్యాంపుల్లో కొందరు కోడళ్లని పంపరు. పంపండి. పథ్యం పేరుతో కారప్పొడి అన్నంతో నెలలు గడిపే బాలింతకి ఆ గుడ్డు, ఆ పప్పు, ఆ ఆకుకూర ఎంత అవసరమో చెప్పలేను. ఇంకోటి. కాన్పయ్యాక వారాల తరబడి ఆమె ఊరికే ఏడుస్తున్నా, పిల్లని ఎత్తుకోబుద్ధి కావట్లేదన్నా కోప్పడకండి. అదీ వైద్యం ఉన్న జబ్బే.

వినాయక చవితి నాటికి, అంటే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య, మన పాప నవ్వుతుంది. నిద్రలో పెదవి కదిలిన నవ్వు కాదు నేను చెప్పేది. మీ మొహం చూసి, మీరు నవ్వితే తిరిగి నవ్వే నవ్వు. అక్కడి నుంచి ఉంగా ఉంగా అని ఊసులు మొదలవుతాయి. దీపావళికి మెడ నిలుస్తుంది. కోతల కాలానికి, నవంబరు, డిసెంబరుల్లో, చేతికి అందినది పట్టుకుంటుంది, బోర్లా పడుతుంది.

ఇక్కడ కొంచెం ఆగుతాను. మన ఇళ్లలో చాలా ఆలస్యాలకి కారణం ఇక్కడే ఉంది. కోతలకో పత్తి తీతకో వెళ్లే తల్లి గట్టు మీద వేపచెట్టుకి చీర ఉయ్యాల కట్టి పిల్లని పడుకోబెడుతుంది. పాముందో తేలుందో అన్న భయం, పక్కనే కాలవ. ఆమె చేసేదాంట్లో తప్పు లేదు. ఇంటిదగ్గర ఉన్న పిల్లకి కూడా రోజంతా ఉయ్యాలే అయితే మాత్రం కష్టం. చీరలో వీపు వంగి ఉంటుంది. దొర్లడానికి చోటుండదు, చెయ్యి చాపితే గుడ్డ తప్ప ఏమీ తగలదు. మెడ ఎత్తాలంటే ఛాతీ కింద గట్టి నేల ఉండాలి. అందుకని నిద్రపోయేటప్పుడు వెల్లకిలా పడుకోబెట్టండి. మెలకువగా ఉన్నప్పుడు రోజుకి నాలుగైదుసార్లు చాప మీద బోర్లా వేసి, ఎదురుగా మీరూ పడుకుని పిలవండి. మొదట్లో గునుస్తుంది, రెండు నిమిషాలకే ఎత్తేసుకోండి. వారం తిరిగేసరికి ఆ రెండు నిమిషాలు ఐదవుతాయి. పైసా ఖర్చులేని ఈ పని తాతయ్యలూ చెయ్యొచ్చు. కూలికి వెళ్లే తల్లుల కోసం 2023లో ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో 'కూసిన మనె' పేరుతో శిశు సంరక్షణ కేంద్రాలు మొదలుపెట్టింది. మీ పంచాయతీలో ఉందో లేదో అడగండి. లేకపోతే గ్రామసభలో అడగండి.

పక్కింటి బొబ్బట్ల సంగతికొద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న పిల్లల్ని క్రమం తప్పకుండా గమనించి 2006లో ఒక లెక్క విడుదల చేసింది. మన దేశం నుంచి ఢిల్లీ పిల్లలు అందులో ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం కొందరికి 3.8 నెలలకే వచ్చింది, కొందరికి 9.2 నెలలు పట్టింది. చేతులూ మోకాళ్ల మీద పాకడం 5.2 నెలల నుంచి 13.5 నెలల మధ్య. తనంతట తాను నడవడం 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య. వీళ్లంతా ఆరోగ్యవంతులైన పిల్లలే! నూటికి నలుగురు అసలు పాకనేలేదు. కొందరు కూర్చునే జరిగారు, కొందరు నేరుగా లేచి నిలబడ్డారు. మన కాలవ లెక్కలో చెప్పాలంటే, జులైలో పుట్టిన పాప మరుసటి మార్చిలో నడిచినా సరే, వేసవి దాటి, మళ్లీ నీళ్లొచ్చి, నాట్లు పడి, డిసెంబరులో ఖరీఫ్ వడ్లు ఇల్లు చేరాక నడిచినా సరే. తొమ్మిది నెలల తేడా. వీటి మధ్య ఎక్కడ అరిసెలు పంచినా ఆ పిల్ల ముందూ కాదు, వెనకా కాదు. "మా పిల్ల పదో నెలకే నడిచింది" అని బాలింత ముందు గొప్పగా చెప్పే అత్తయ్యలు దయచేసి ఈ లెక్క గుర్తుంచుకోండి.

సంక్రాంతికి పాపకి ఆరు నెలలు నిండుతాయి. అన్నప్రాశన. ఆ రోజు పాయసం నాకించడం వేడుక. అసలు పని మర్నాడు మొదలవుతుంది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, రవ్వ పట్టి, మెత్తగా ఉడికించిన ఉగ్గు. మన సోనా మసూరి ఉంది, కంది ఉంది, జొన్న ఉంది, రాగి ఉంది. ఇంతకన్నా ఏం కావాలి? పల్చటి గంజి, పప్పుమీది తేట కడుపు నింపుతాయి కానీ బలమివ్వవు. చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా, పైన ఒక చుక్క నెయ్యో నూనో వేసి పెట్టండి. ఎనిమిది నెలలదాకా రోజుకి రెండు మూడుసార్లు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగుసార్లు. తల్లిపాలు ఆపక్కర్లేదు. ఉడికించిన గుడ్డు మెదిపి పెట్టొచ్చు. ఆరు నెలలు దాటాక వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ వెయ్యాలి. అది ఆశా కార్యకర్తని అడిగితే ఇస్తారు.

ఆహారం గురించి ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2011లో మన జిల్లాలో పౌష్టికాహార లోపంతో పసిపిల్లలు చనిపోతున్నారన్న వార్తలు రాష్ట్రాన్ని కలచివేశాయి. హైకోర్టు దాకా వెళ్లిన ఆ వ్యవహారంలో జస్టిస్ ఎన్.కె. పాటిల్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. నీటి పారుదలా వరి పంటా ఉన్న జిల్లాలోనే ఇది జరిగింది. దేవదుర్గ, లింగసుగూరు వైపు మెట్ట గ్రామాల నుంచి కుటుంబాలు ఏటా గుళే, అంటే పనుల కోసం వలస, వెళ్తాయి. బెంగళూరులో ఇళ్లు కట్టే చోట రేకుల కింద పెరిగే పిల్లకి అంగన్‌వాడీ ఉండదు, టీకా తేదీ గుర్తుచేసేవాళ్లు ఉండరు. మన పొలాల్లో నాట్లకి వచ్చే తల్లుల పిల్లలూ అంతే. ఆరు నెలలు దాటిన పిల్ల దండచేతి చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల లోపు ఉంటే అది తీవ్రమైన పోషకాహార లోపం. అంగన్‌వాడీలో రంగుల టేపుతో క్షణంలో చూస్తారు. మీ ఇంట్లో పాప చెయ్యి కొలిపించడానికి వెళ్లినప్పుడు, మీ గట్టు మీద ఉయ్యాలలో ఉన్న పాపని కూడా తీసుకెళ్లండి.

ఇప్పుడు నాకెంతో ఇష్టమైన విషయం. మాట.

మన పాప చెవిన పడేవి ఒక భాష మాటలు కావు. ఇంట్లో తెలుగు. అంగన్‌వాడీ టీచరు కన్నడం. సంతలో, బస్‌స్టాండులో ఉర్దూ. "ఇన్ని భాషలైతే మాటలు ఆలస్యమవుతాయేమో, ఒక్కటే మాట్లాడదామా" అని చదువుకున్న తల్లులు అడుగుతుంటారు. భయం అక్కర్లేదు. కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు పరిశోధకులు 1984లో ఒక పని చేశారు. ఇంగ్లీషు ఇళ్లలో పుట్టిన పిల్లలకి హిందీలోని త, ట శబ్దాలు వినిపించారు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్లకి ఆ రెంటికీ తేడా వినపడటం కష్టం. ఆరు నుంచి ఎనిమిది నెలల పిల్లలు దాదాపు అందరూ ఆ తేడా పట్టేశారు! పది, పన్నెండు నెలలకి వచ్చేసరికి ఎక్కువమంది పట్టలేకపోయారు. వాళ్ల ఇళ్లలో ఆ తేడా ఎప్పుడూ వినపడలేదు కాబట్టి. దీని అర్థం ఏమిటంటే, పసిచెవి ఏ భాషకైనా సిద్ధంగా పుడుతుంది, ఏడాది తిరిగేలోపు తన చుట్టూ ఉన్నవాటికి స్థిరపడుతుంది. కాబట్టి అమ్మమ్మ తెలుగులోనే మాట్లాడనివ్వండి, పక్కింటి అజ్జి కన్నడంలోనే ముద్దు చెయ్యనివ్వండి. ఆరో నెల దాటాక బ బ బ, ద ద ద అంటుంది. తొమ్మిదో నెలకి తాత, అత్త అని వినపడుతుంది. ఇంకా అర్థం తెలియదు, అయినా మీరు పొంగిపోయి బదులివ్వండి. ఆ బదులే పాఠం. మొహానికి కొంగు అడ్డం పెట్టి దోబూచి ఆడండి. ఎనిమిదో నెల దాకా కనపడనిది లేనట్టే. ఆ తర్వాత కొంగు లాగి మిమ్మల్ని వెతుకుతుంది, కొత్తవాళ్లని చూస్తే ఏడుస్తుంది. ఆ ఏడుపు తెలివి పెరుగుతోందన్న గుర్తు, "గారం చేసి పాడు చేశారు" అనకండి. చందమామని చూపించి తినిపించే ఇంట్లో ఇప్పుడు ఫోన్ చూపించి తినిపిస్తున్నారు. ఏడాది లోపు పిల్లలకి తెర అసలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఫోన్ మాట్లాడుతుంది కానీ పిల్ల "బూ" అంటే బదులు పలకదు.

ఏప్రిల్ నడిమధ్యకి తొమ్మిది నెలలు. బయట నలభై దాటిన ఎండ, లోపల పాప గచ్చు మీద పాకుతుంటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి నేలమీది బియ్యపు గింజని ఏరుతుంది. ఆ చిన్న పనితనం చూసి తీరాలి. దాంతోపాటే ప్రమాదమూ వస్తుంది. మిరప, పత్తి వేసే ఇళ్లలో పురుగుమందు డబ్బాలు మంచం కింద ఉంటాయి. ఈ నెల రాకముందే వాటిని ఇంటి బయట తాళం ఉన్న చోటికి మార్చండి. ఖాళీ డబ్బా కూడా ఇంట్లో వద్దు. మందు కొట్టి వచ్చిన బట్టలతో పిల్లని ఎత్తుకోవద్దు. బకెట్లో జానెడు నీళ్లున్నా పసిపిల్ల మునిగిపోగలదు. సిమెంటు తొట్టికి మూత వేయించండి.

నడక కోసం సైకిల్ షాపుల్లో, ఆన్‌లైన్లో చక్రాల వాకర్లు కొంటున్నారు. కొనకండి. పిల్లని నడుం దగ్గర ఇరికించి కూర్చోబెట్టే ఆ వాకర్ నడక నేర్పదు, మెట్ల మీద నుంచి పడేస్తుంది. కెనడా 2004లో వాటి అమ్మకాన్నే నిషేధించింది. మన పాత కర్ర మూడు చక్రాల బండి వేరు. పిల్ల తనంతట తాను నిలబడి తోస్తుంది. పక్కన ఎవరో ఒకరు ఉంటే అది చాలు.

ఇక ఆగకూడని ఆలస్యాలు చెప్తాను, దయచేసి శ్రద్ధగా వినండి. మూడు నెలలు నిండినా మొహం చూసి నవ్వకపోతే. ఐదో నెలకి మెడ నిలవకపోతే. వెనక గిన్నె పడినా ఉలికిపడకపోతే, పిలిస్తే తిరగకపోతే. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోతే, బ బ, ద ద అనకపోతే. ఏడాదిలోపే ఒక్క చేత్తోనే అన్నీ చేస్తూ రెండోది ముడిచి ఉంచితే. ఒళ్లు మరీ బిగుసుకున్నా, మరీ వాలిపోయినా. అన్నిటికన్నా ముఖ్యం, నిన్నటిదాకా చేసిన పని ఇవాళ మానేస్తే. వీటిలో ఏ ఒక్కటి కనపడినా "వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అన్న మాట దగ్గర ఆగిపోవద్దు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లకి మాత్రం లెక్క వేరు. రెండు నెలలు ముందు పుడితే, ఆరో నెలలో ఆమె నుంచి నాలుగో నెల పనులే ఆశించాలి.

మేనరికాల సంగతి దాచుకోకుండా మాట్లాడుకోవాలి. ఈ ప్రాంతంలో తెలుగువాళ్లలోనూ కన్నడిగులలోనూ మేనమామ, మేనత్త వరసల పెళ్లిళ్లు ఎక్కువ. అలాంటి దంపతుల పిల్లల్లో పుట్టుకతో వచ్చే వినికిడి లోపం కొంత ఎక్కువగా కనిపిస్తుంది. ఎవరినీ నిందించే పని లేదు. పుట్టిన నెలలోపే వినికిడి పరీక్ష చేయించండి, ఆరు నెలలలోపు వైద్యం మొదలుపెడితే మాట నిలబెట్టవచ్చు. మైసూరులో 1965లో మొదలైన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మన రాష్ట్రంలోనే ఉంది.

ఎక్కడికి వెళ్లాలి? 2013లో కేంద్రం మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకి వస్తాయి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగూ ఉచితంగా చూస్తాయి, పై ఆస్పత్రికి పంపిస్తాయి. జిల్లా కేంద్రంలో రిమ్స్ బోధనాసుపత్రిలో పిల్లల విభాగం ఉంది. ఎదుగుదల పరీక్షించడానికి త్రివేండ్రంలో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం తయారుచేసిన పదిహేడు అంశాల చార్టు ఒకటుంది. పిల్ల వయసు దగ్గర నిలువుగా స్కేలు పెట్టి, దానికి ఎడమవైపు ఉన్న పనులు వచ్చాయో లేదో ఐదారు నిమిషాల్లో చూసేయొచ్చు. అంత తేలిక. ఫిజియోథెరపీ అవసరమైన పిల్లకి ఆరో నెలలో మొదలుపెట్టడానికీ, రెండో ఏట మొదలుపెట్టడానికీ ఉన్న తేడా ఆ పిల్ల జీవితకాలమంతా ఉంటుంది.

వింటున్న తల్లులకీ అమ్మమ్మలకీ ఒక్క విన్నపం. తొమ్మిది నెలలకి తట్టు, రుబెల్లా (ఎం.ఆర్.) టీకా వేయించడానికి ఎలాగూ ఆరోగ్య కేంద్రానికి వెళ్తారు. టీకా పడగానే లేచి వచ్చేయకండి. తాయి కార్డు నర్సు ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. మా పాప బరువు సరిగ్గా ఉందా? వినికిడి సరిగ్గా ఉందా? కూర్చోవడం, చేతులు వాడటం వయసుకి తగ్గట్టు ఉన్నాయా? సమాధానం కార్డులో రాయించుకుని ఇంటికి రండి.